ఎడమ మూల అరిగిన వైస్

ఆదివారం పొద్దున పాతసామాన్ల బజార్లోకి తాళాల మేస్త్రి వచ్చాడంటే చాలు, నేలమీద గోనెపట్టాలు పరుచుకుని కూర్చున్నవాళ్ళు ఒకరినొకరు మోచేత్తో పొడుచుకునేవారు.

"వైసుల డాక్టరు వచ్చాడు."

"అయితే మన పేషెంట్లని ముందు వరసలో కూర్చోబెట్టండ్రా."

మేస్త్రి ఆ మాటలు విననట్టే నడిచేవాడు. బెంచి వైసు ఎక్కడ కనిపిస్తే అక్కడ గొంతుక్కూర్చునేవాడు. వైసంటే బల్లకి బిగించుకుని, ఇనుప ముక్కని రెండు దవడల మధ్య కదలకుండా పట్టి ఉంచే సాధనం. మెకానిక్ దగ్గరా ఉంటుంది, వడ్రంగి దగ్గరా ఉంటుంది, తాళంచెవులు చేసేవాడికైతే అది మూడో చెయ్యి. మేస్త్రి ముందు దాన్ని పక్కకి దొర్లించి, పోతలో నక్షత్రం గుర్తుందా అని చూసేవాడు. ఉంటే జేబులోంచి మేకు తీసి, అడుగున ఎవరికీ కనబడని చోట రంగుమీద సన్నగా ఒక గీత గీసేవాడు. పై రంగు కింద ఇంకో రంగు, దాని కింద మరోటి. ఆ పొరల్లో ఎక్కడైనా ఆకుపచ్చ తగులుతుందేమోనని ఆయన ఆశ. ఆ తర్వాత పిడి చివర తడిమేవాడు, ఇత్తడి గుండు ఉందేమోనని.

ఉండేది కాదు. ఆకుపచ్చా తగిలేది కాదు. అయినా నక్షత్రం ఉంది కదా అని దాన్ని భుజానికెత్తుకుని ఇంటికి తెచ్చేసేవాడు. ఏమో, ఒకవేళ, పోనీలే అనుకుంటూనే ఏళ్ళు గడిపేశాడు.

ఆయన వెతుకుతున్నది కూతురి వైసుని. అమ్మేసింది కూడా ఆయనే.

ఇంటి ముందుగదే ఆయన కొట్టు. కిటికీ వెలుగు వెనకనుంచి భుజం మీదుగా పనిమీద పడాలని, పొడుగాటి బల్లని గది మధ్యలో అడ్డంగా వేయించాడు. పనిచేసేవాళ్ళ వీపు వీధివైపు, మొహం లోపలి గుమ్మం వైపు. బల్లకి ఈ చివర మేస్త్రి వైసు, ఆ చివర కూతురిది. రెండూ నక్షత్రం గుర్తువే, ఒకే సైజువే. వాటిని పోతపోసిన ఫౌండ్రీ ఎప్పుడో మూతపడిపోయింది.

కూతురు కాలేజీలో ఉండగా సెలవుల్లో సరదాకి ఇనుము అరగదీసే ఆకురాయి పట్టుకుంది. చదువయ్యేసరికి ఆ సరదాయే పనైపోయింది. ఎడమచేతివాటం పిల్ల. ప్రపంచంలో పరికరాలన్నీ కుడిచేతివాళ్ళ కోసమే చేసి పెట్టారని, దీనికి పని ఎలా అబ్బుతుందని మేస్త్రి మొదట్లో తెగ బెంగపడ్డాడు.

"ఏ చేత్తో అరగదీశానో తాళానికేం తెలుస్తుంది నాన్నా? తెరుచుకుంటే చాలదూ" అంది.

వీధిలో వాళ్ళు ఆమెని చిన్న మేస్త్రి అనేవారు. బీరువా తాళంచెవి పారేసుకుని వచ్చిన పెద్దమనిషి ఎవరైనా, "అమ్మాయ్, మీ నాన్న లేడా?" అని అనుమానంగా అడిగితే, "ఉన్నారండీ. ఆయన చేస్తే రేపు, నేను చేస్తే ఇప్పుడు" అనేది. బల్ల ఈ చివర్నుంచి మేస్త్రి తలెత్తకుండానే, "అబద్ధమండీ, నేను చేస్తే ఎల్లుండి" అనేవాడు. ఇద్దరి ఆకురాళ్ళూ కీచుమంటూ ఒకటి ఆగితే ఇంకోటి అందుకునేవి. ఆ చప్పుడు వింటూ లోపల అమ్మ వంట చేసుకునేది. చప్పుడు కాసేపు ఆగిందంటే టీ వేళయిందని ఆమెకి లెక్క.

ఒకసారి వైసు పిడి జారి పిల్ల చిటికెనవేలు నలిగింది. ఆ సాయంత్రమే మేస్త్రి లేతుషాపుకి వెళ్ళి, దగ్గరుండి ఇత్తడి గుండు తిప్పించి పిడి చివర బిగించాడు. తలుపులకి వేయగా మిగిలిన ఆకుపచ్చ రంగుంటే వైసుకి కూడా పులిమాడు. దవడలకి మరలతో బిగించి ఉండే పలకల్ని విప్పి తీరిగ్గా వేసే ఓపిక లేక, వాటితో సహా కొట్టేశాడు. "ఇప్పుడిది వైసులా లేదు నాన్నా, చిలకలా ఉంది" అని కూతురు నవ్వింది. నక్షత్రం వైసు కాస్తా అప్పట్నుంచీ చిలక అయింది.

ఆ వానాకాలం పిల్లకి జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. ఆసుపత్రికి బయల్దేరుతూ చెప్పులేసుకుని వెనక్కి తిరిగి, "చిలక నోట్లో ఉన్న తాళంచెవిని కదపకు నాన్నా, సగమే అయింది. వచ్చి నేనే చేస్తా" అంది.

రాలేదు.

చుట్టాలందరూ వెళ్ళిపోయాక మేస్త్రి కొట్టు తెరిచాడు. బల్లకి ఆ చివర చిలక, దాని నోట్లో సగం అరగదీసిన తాళంచెవి. ఇటు మొహం తిప్పుకుని పనిచేద్దామనుకుంటాడు, ఆకురాయి ఒక్కసారి లాగి ఆపుతాడు, ఆ చివర్నుంచి చప్పుడు అందుకుంటుందేమోనని చెవి అటే పోతుంది. మనిషి ఆ గదిలో నిలబడలేకపోయాడు. ఒక మధ్యాహ్నం భార్య కునుకు తీస్తుండగా, పాత ఇనుము కొంటామని అరుచుకుంటూ తోపుడుబండి ఒకటి వీధిలో పోతోంది. మేస్త్రికి ఏమైందో ఏమో, తాళంచెవిని తీసి గోడమేకుకి తగిలించి, బోల్టులు నాలుగూ విప్పి, చిలకని ఎత్తి బండిలో పెట్టేశాడు.

టీ తీసుకుని వచ్చిన భార్యకి బల్లమీద నాలుగు చిల్లులు కనిపించాయి.

"ఏదీ?"

"ఇచ్చేశాను."

"ఎవర్నడిగి ఇచ్చారు?"

"కళ్ళముందుంటే నావల్ల కావట్లేదు."

"మీ కళ్ళు సరే. మరి నా కళ్ళు?"

ఆవిడ టీగ్లాసు పట్టుకునే వెనక్కి నడిచింది. గుమ్మం దాటి ఒక్క క్షణం ఆగి, వంగి, గ్లాసుని గడపమీద పెట్టి వెళ్ళిపోయింది. ఆ తర్వాత ఆవిడ ముందుగదిలో అడుగుపెట్టలేదు. ఇంట్లో మాటల్లేవని కాదు. బియ్యం అయిపోయాయనీ, మాత్ర వేసుకోమనీ అన్నీ చెప్పేది. టీ మాత్రం గడప దగ్గరే. గ్లాసు నేలకి తగిలిన చప్పుడు వినిపిస్తే మేస్త్రి వెళ్ళి తెచ్చుకునేవాడు.

మర్నాడే ఆయన బండివాడిని వెతికి పట్టుకున్నాడు. "నిన్ననే పెద్ద కొట్లో దించేశా కదా మేస్త్రీ" అన్నాడు వాడు. పెద్ద కొట్టాయన గుట్టల మధ్య కూర్చుని, "ఆకుపచ్చదా? ఎవరో పట్టుకుపోయారయ్యా. ఎవరని చెప్పను? ఇనుముకి మొహం ఉంటుందా గుర్తుపెట్టుకోడానికి" అన్నాడు.

అలా మొదలైంది వెతుకులాట. భార్యకి ఒక్క మాట చెప్పలేదు. చెబితే ఆవిడ ప్రతి ఆదివారం గుమ్మంలో నిలబడి ఎదురుచూస్తుంది. ఆయన ఖాళీగా వస్తే పిల్లని ఇంకోసారి పోగొట్టుకున్నట్టు అవుతుంది. దొరికాక, ఆ నాలుగు చిల్లుల్లో బిగించాక, అప్పుడు పిలవాలి. అప్పుడు గడప దాటుతుంది. మేస్త్రి మనసులో లెక్క ఇంతే.

దొరకని చిలక కోసం వెళ్ళి తెచ్చిన నక్షత్రాలన్నీ కూతురి గదిలో చేరాయి. ఇంట్లో ఖాళీ ఉన్న గది అదొక్కటే మరి. మంచం కింద, కిటికీ గట్టుమీద, పుస్తకాల అరలో కూడా. భార్య ఆ గది తలుపు దగ్గరికి లాగేసి, అటు చూడ్డం మానేసింది. ఆవిడ చెల్లెలు వచ్చినప్పుడు, "బావగారు ఇంకో నాలుగు తెచ్చారంటే ఇల్లు కుంగిపోతుందక్కా. ఏంటసలు, వైసులకి హాస్టల్ పెడుతున్నారా?" అని నవ్వబోయింది. అక్క నవ్వలేదు. "పిల్ల గదిలో ఇనుము నింపుకుంటున్నాడే. పిచ్చి అనుకుని వదిలేశాను" అంది. పక్కగదిలో ఉన్న మేస్త్రి విన్నాడు. అప్పుడైనా నోరు తెరవచ్చు. తెరవలేదు.

అదే బజార్లో ఆయనకి గార్డుగారు పరిచయమయ్యాడు. రైల్వేలో రిటైరై, పెన్షనూ తీరికా రెండూ ఎక్కువై పాత వైసులు పోగుచేసే మనిషి. ఇంట్లో వాటికి గాజు తలుపుల బీరువాలు చేయించాడు. మేస్త్రి కూడా తనలాంటివాడే అనుకుని, పట్టుకుని వదిలేవాడు కాదు. పాత వైసుని కొత్త పెళ్ళాంలా చూసుకోవాలని ఆయన సిద్ధాంతం. ముందు దవడ పలకలు విప్పి పారేయాలి. తర్వాత కాస్టిక్ సోడా కలిపిన డ్రమ్ములో ముంచితే పాతరంగు మొత్తం వలిచేసినట్టు ఊడిపోతుంది. గాట్లన్నీ గ్రైండరుతో నున్నగా చేసి, బూడిదరంగు కొట్టి, లేతుషాపులో చేయించిన కొత్త పలకలు బిగించాలి.

"పాత పలకలు ఉంచేస్తే ఏం?" అని మేస్త్రి మొదట్లో అడిగాడు.

"పుచ్చుపళ్ళతో ఫొటో దిగుతావటయ్యా?" అన్నాడు గార్డుగారు.

మేస్త్రికి ఆ పని నచ్చింది. నచ్చడమంటే, చేతులు ఆడుతున్నంతసేపూ బుర్ర నోరు మూసుకునేది. పైగా జీవితమంతా పనిముట్ల మధ్య బతికిన మనిషి, తుప్పు పట్టినదాన్ని అలాగే వదిలేయడం చేతకాదు. బజారునుంచి తెచ్చింది తెచ్చినట్టే పెరట్లో పెట్టి, మురికితో, గ్రీజుతో అట్టకట్టిన పలకల్ని చూడకుండానే విప్పి బకెట్లో పడేసేవాడు. చూడ్డానికేముంది? తను వెతికేది ఆకుపచ్చ రంగు, ఇత్తడి గుండు. అవి లేవని బజార్లోనే తేలిపోయింది కదా. ఒకటీ అరా గార్డుగారికి కూడా ఇచ్చాడు. గదిలో మిగిలినవి పాతికదాకా ఉంటాయి. అన్నీ బూడిదరంగు, అన్నీ నున్నన. బడి యూనిఫాంలో నిలబడ్డ పిల్లల్లా ఒకదాన్ని చూస్తే అన్నిటినీ చూసినట్టే.

బకెట్ నిండింది. పెరటి మూల వానకి తడిసి, తుప్పునీళ్ళు కారి, బట్టలుతికే బండదాకా ఎర్రటి చార కట్టింది. ఒక ఆదివారం మేస్త్రి బజారుకి వెళ్ళాక భార్యకి ఒళ్ళుమండింది. దాన్ని వీధిలోకి ఈడ్చేద్దామని పట్టి లాగితే, పట్టుకున్న చెవి ఊడి చేతికొచ్చింది. పలకలన్నీ బండమీద గలగలా దొర్లాయి. తిట్టుకుంటూ కూర్చుని ఒక్కొక్కటే ఏరడం మొదలుపెట్టింది.

మేస్త్రి భుజాన ఇంకో నక్షత్రంతో పెరట్లోకి వచ్చేసరికి ఆవిడ బండమీద కూర్చుని ఉంది. ఒళ్ళో ఒక పలక. దాన్ని కొంగుతో తుడుస్తోంది. చీరంతా నల్లగా గ్రీజు.

"చీర పాడవుతుంది. పాతవి అవి, పారేసేవి" అన్నాడు.

"ఇది ఎక్కడిది?"

"ఏదో ఒక వైసుది. ఎందుకు?"

"ఇది అమ్మాయిది."

మేస్త్రి భుజంమీది బరువు దించాడు. "నీకెలా తెలుసు?"

ఆవిడ తలెత్తలేదు. పలక పైఅంచు మీద వేలు పెట్టి ఒక చివరికి జరిపింది. చివర ఇనుము వంగి, పల్లంగా అరిగిపోయి ఉంది. "నేను టీ తెచ్చి ఎటు నిలబడేదాన్ని? మీకెదురుగా. మీ వైసుకి నాకు ఈ పక్క మూల అరిగేది. దానిదానికి ఆ పక్కది. మీరు పక్కన నిలబడి పని చూసేవాళ్ళు, నేను ఎదురుగా నిలబడి దాని చేతుల్ని చూసేదాన్ని. రోజూ చూశాను. అది టీ తాగుతుంటే ఆ మూలన పొడి నేనే తుడిచేదాన్ని, ఇదిగో, ఇలా వేలితో."

మేస్త్రి పలక అందుకున్నాడు. మూడు మరల చిల్లులు. నక్షత్రం వైసుల్లో మూడు చిల్లులది కదలని దవడ పలక, రెండు చిల్లులది కదిలేది. అంటే ఇది పనిచేసేవాడి వైపు చూసే పలక. తాళంచెవులు చేసేవాళ్ళు పని ఎప్పుడూ దవడ మూలకే బిగిస్తారు, ఆకురాయి ఆడ్డానికి చోటుండాలని. కుడిచేతివాళ్ళది కుడి మూల. ఇది ఎడమ మూల అరిగింది. ఇంతకాలం తన పక్కనే, తన కళ్ళముందే అరిగిన మూల. ఆయన ఎప్పుడూ దాన్ని చూడలేదు.

"ఎడమచేతివాళ్ళు ఇంకెవరైనా..." అని ఏదో అనబోయి, మేకు తీసి మర చిల్లులో గట్టిపడిన గ్రీజుని గీకాడు. గ్రీజు పెళ్ళ ఊడి అరచేతిలో పడింది. చిల్లు అడుగున ఆకుపచ్చ. తలుపుల రంగు.

మధ్యలో ఎవరో గుండు అమ్ముకుని, రంగంతా గీకేసి వేరే రంగు వేసుకుని ఉంటారు. పలకల మరలు మాత్రం వాళ్ళకి లొంగి ఉండవు. వాటిని మేస్త్రి లొంగదీశాడు. చిలక ఇంటికి వచ్చింది. ఆయనే భుజాన వేసుకుని తెచ్చాడు. తెచ్చి, విప్పి, సోడాలో ముంచి, నున్నగా చేసి, బూడిదరంగు పులిమి, మిగతావాటిలో కలిపేశాడు.

"వైసు ఏదీ మరి?" అంది భార్య. గొంతులో ఏదో ఆశ. అంతకంటే ఆవిడ ఏడ్చినా బాగుండేదనిపించింది మేస్త్రికి.

"తెలీదు."

"తెలీకపోవడమేంటి? మీరేగా విప్పింది."

"తెలీదు." బండమీద ఆవిడ పక్కన కూలబడ్డాడు. "దానికోసమే వెతుకుతున్నా. మొదట్నుంచీ. అవన్నీ దానికోసమే తెచ్చినవి."

ఆవిడ చుట్టూ దొర్లిన పలకల వంక చూసింది. "నాకు చెప్పుండొచ్చుగా."

"దొరికాక చెబుదామని."

"చెప్పుంటే వచ్చినవాటిని వచ్చినట్టే చూసేదాన్ని కదండీ. ఒక్క చూపుకి పట్టేసేదాన్ని." ఆగి, మళ్ళీ తనే అంది. "నేనైనా ఆ గది తలుపు తీసి ఏంటివని అడగలేదు. పిచ్చి అనుకున్నాను. ఇక్కడే బట్టలుతుక్కుంటూ, ఈ బకెట్ పక్కనే..."

దొర్లిన పలకల్లో వెతికితే రెండు చిల్లుల జోడు పలక కూడా దొరికింది. మేస్త్రి వాటిని పట్టుకుని కూతురి గదిలోకి పరిగెత్తాడు. ఒక్కో వైసుకి కొత్త పలకలు విప్పడం, ఈ పాతవి పెట్టి మరలు తిప్పడం. ఒంటికి పట్టిన చొక్కాలా ఏదో ఒకదానికి సరిగ్గా కూర్చుంటుందని ఆశ. మొదటిదానికి కూర్చున్నాయి. రెండోదానికీ కూర్చున్నాయి. అన్నీ ఒకే అచ్చులో పోసినవి. ఏ వైసూ కాదనలేదు, ఏదీ నేనే అననూ లేదు. గ్రైండరు ఆనవాలన్నది లేకుండా చేసింది.

గార్డుగారికి ఫోన్ చేశాడు. "నక్షత్రాలా? నువ్విచ్చినవాటిలో ఒకటి మా తమ్ముడికిచ్చానయ్యా, వాడు ఎర్రరంగు వేసి తోటలో కుండీల పక్కన పెట్టుకున్నాడు. ఇంకోటి ఎవరికో మార్పిడి చేశాను. ఎందుకూ, దానిలో విశేషమేమైనా ఉందా?"

"ఏం లేదండీ" అన్నాడు మేస్త్రి.

అంటే అది ఈ గదిలో ఉండొచ్చు. లేకపోనూ వచ్చు. మేస్త్రి విప్పిన మరల మధ్య నేలమీద కూర్చుండిపోయాడు. తలుపు దగ్గర అలికిడైంది. భార్య. ఎన్నాళ్ళ తర్వాతో ఆ గదిలోకి వచ్చి, వైసుల మధ్య చీర ఎత్తిపట్టుకుని నడిచి, మంచం పట్టెమీద కూర్చుంది. పుస్తకాల అరలో ఉన్న బూడిదరంగు వైసుమీద చెయ్యి వేసి చూసింది. తర్వాత పక్కదానిమీద. ఆవిడ కూడా చేత్తో గుర్తుపట్టాలని చూస్తోందని మేస్త్రికి అర్థమైంది. కాసేపటికి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏదో ఒకటి బిగించండి" అంది.

"అది కాకపోతే?"

"పలకలు దానివేగా."

కిటికీకి దగ్గరగా ఉన్నదాన్ని మేస్త్రి ఎత్తాడు. ముందుగదిలో బల్లకి ఆ చివర, నాలుగు చిల్లుల్లో చేరిన దుమ్ము ఊది, బోల్టులు దించి బిగించాడు. పలకలు ఎక్కించాడు. భార్య గడప అవతల నిలబడి చూసింది. ఆయన పిడి తిప్పి దవడలు రెండూ దగ్గరికి తెచ్చాడు. అంచులు పొడవునా కలుసుకుంటూ వచ్చి, ఎడమ మూలకి వచ్చేసరికి కలవకుండా ఆగిపోయాయి. అక్కడ వేలికొన పట్టేంత పల్లం.

ఆవిడ గడప దాటింది. బల్లకి ఇవతల, ఎప్పుడూ టీ పట్టుకుని నిలబడే చోటికి వచ్చి నిలబడింది. ఎదురుగా కిటికీ, కిటికీలో వీధి, మధ్యలో ఎవరూ లేరు. మేస్త్రి తన చోట, తన వైసు దగ్గర నిలబడ్డాడు. ఇన్నేళ్ళూ ఆవిడ ఈ గదిలోకి రావాలనే కదా తను తిరిగింది. వచ్చింది. వచ్చిన మనిషి మొహం వంక చూడ్డానికి ఆయనకి ధైర్యం చాలలేదు.

ఆవిడ వేలు చాచి ఆ పల్లంలో పెట్టింది. తుడిచినట్టు ఒకసారి అటూ ఇటూ జరిపి, వేలికొన వెలుగులో పెట్టి చూసుకుంది. పొడి ఏం అంటలేదు.

"పని ఏమైనా ఉంటే చేసుకోండి" అంది మెల్లగా. "నేను కాసేపు ఇక్కడే ఉంటాను."

మేస్త్రి గోడవైపు చూశాడు. సగం తాళంచెవి ఆ మేకుకే వేలాడుతోంది. దాన్ని ముట్టుకోలేదు. పక్క మేకుకున్న వేరే తాళంచెవి తీసి తన వైసులో కుడి మూలకి బిగించి, ఆకురాయి ఒకసారి లాగి ఆపాడు. ఇద్దరూ బల్ల ఆ చివరి వైపు విన్నారు. తర్వాత ఆయన మళ్ళీ లాగాడు.